కొట్టంలో మొక్కజొన్న, మనసులో సోయా

ప్రశ్న: అయ్యా, నాకు ఏడెకరాల సొంత భూమి ఉంది. ఇంకో ఐదెకరాలు కౌలుకు చేస్తున్నాను. పోయిన పంట మొత్తం మొక్కజొన్నే వేశాను. 240 క్వింటాళ్లు అయింది. కోత అవగానే సగం అమ్మి అప్పులో కొంత కట్టాను. మిగతా 120 క్వింటాళ్లు ధర పెరుగుతుందని కొట్టంలో నిల్వ పెట్టాను. రెండో నెలలో కాస్త పెరిగింది. ఇంకా పెరుగుతుందని ఆగాను. అక్కణ్నుంచి దిగడం మొదలై ఐదో నెలకు మళ్లీ కోతనాటి ధరకే వచ్చింది. మా పక్క చేను ఆయన సోయా వేసి మంచి ధరకు అమ్ముకున్నాడు. ఈసారి పన్నెండెకరాలూ సోయానే వేద్దామని మా అబ్బాయి పట్టు. ఉన్నది అమ్మేసి అప్పు తీర్చమని మా ఆవిడ పోరు. మొక్కజొన్న ధర మళ్లీ ఎప్పుడు పెరుగుతుంది? ఈసారి ఏం వేస్తే మంచిది? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక రైతు

జవాబు: ధర ఎప్పుడు పెరుగుతుందో కచ్చితంగా చెప్పగలిగినవాడు ఎవడూ లేడండీ. ఉంటే గింటే వాడు ఇలా ఉత్తరాలకు జవాబులు రాస్తూ కూర్చోడు. కాబట్టి ఆ ప్రశ్నను పక్కన పెట్టేద్దాం.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. అందులో ధర అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. ఖర్చు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. రెండోది, మీరు అడిగినవి రెండు ప్రశ్నల్లా కనిపిస్తున్నా, మీ మనసులో అవి కలిసిపోయి ఒకటే అయ్యాయి. రెండో నెలలో అమ్మకుండా ఆగినందుకు కలిగిన బాధను రాబోయే పంటతో తీర్చుకోవాలని చూస్తున్నారు. పోయినచోటే వెతుక్కోవాలని మనవాళ్లు అంటారు గానీ, ధర విషయంలో పోయినచోట ఏమీ మిగలదు. ముందు కొట్టంలో ఉన్న గింజ సంగతి తేల్చుకుందాం. అది తేలేదాకా సోయా మాట ఎత్తొద్దు.

ఉత్తరంతోపాటు మీరు పంపిన చీటీలో ధరలు, వడ్డీ, బస్తాలు కొట్టంలోకి ఎత్తిన రోజు ఉన్న తేమ అన్నీ రాశారు. మంచి పని చేశారు. లెక్క సులువుగా ఉండడానికి కోత రోజు ధరను 100 అనుకుందాం. ఆ లెక్కన రెండో నెలలో 112 పలికింది. ఇప్పుడు 101 ఉంది. ఇలా చూసి మీరు ఏమనుకుంటున్నారు? 'లాభం పోయింది గానీ నష్టమైతే లేదు, ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం' అని. కాదు.

గింజ ఎత్తేటప్పుడు తేమ 15.5 శాతం అన్నారు. ఇప్పుడు బాగా ఆరి 13 దగ్గర ఉందట. ఆరడం మంచిదే, కానీ ఆరిన నీళ్లకు కాటా మీద బరువు ఉండదు. ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి చిన్న లెక్క ఉంది. మొదటి తేమలోంచి ఇప్పటి తేమ తీసేయండి, రెండున్నర వస్తుంది. దాన్ని 100లోంచి ఇప్పటి తేమ తీసేస్తే వచ్చే 87తో భాగించండి. 2.9 శాతం వస్తుంది. అంటే మీరు 120 క్వింటాళ్లు అనుకుంటున్నది కాటా ఎక్కితే నూట పదహారున్నరే తూగుతుంది. చాలామంది రెండున్నర శాతం తేమ పోతే రెండున్నర శాతమే బరువు పోతుందనుకుంటారు. కొంచెం ఎక్కువే పోతుంది. పైగా పురుగు, ఎలుక, దుమ్ము కింద ఇంకో శాతం వేసుకోండి.

ఇక వడ్డీ. నెలకు ఒకటిన్నర శాతం చొప్పున ఐదు నెలలకు ఏడున్నర. ఈ వడ్డీని మీరు అప్పు ఖాతాలో రాసుకుంటున్నారు. నన్నడిగితే అది గింజ ఖాతాలో రాయాల్సింది. ఆ రోజే అమ్మి కట్టేసి ఉంటే ఆ వడ్డీ పడేదే కాదు కదా. కొట్టం మీదే కాబట్టి అద్దె లేదని అనుకుంటున్నారు, కానీ మీ గింజ నెలనెలా అద్దె కడుతూనే ఉంది. ఇది కాక బస్తాలు ఎత్తి దించిన కూలి ఒక శాతం.

ఇవన్నీ కలిపితే ఇవాళ 101కి అమ్మినా మీ చేతికి వచ్చేది కోతనాటి లెక్కలో 89కి లోపే. పదకొండు పోయాయి. రెండో నెలలో 112కి అమ్మి ఉంటే పన్నెండు మిగిలేవని మీరు బాధపడుతున్నారు కదా, అప్పటికి పడిన వడ్డీ, తగ్గిన బరువు, కూలి తీసేస్తే మిగిలేవి ఆరు కూడా కావు. చేజారిందనుకుంటున్న చేప మీరు అనుకున్నంత పెద్దదేం కాదు. రాత్రి నిద్ర కోసమైనా ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కోతనాటి 100 మళ్లీ చేతికి రావాలంటే ఎంతకి అమ్మాలి? ఇవాళైతే 113కి. వచ్చే నెలైతే 115కి. ఈ అంకె చూడగానే 'అయితే 113 వచ్చేదాకా ఆగుతాను' అనే ఆలోచన వస్తుంది. అక్కడే ఆగండి. 113 అన్నది మీకూ మీ అప్పుకూ మధ్య ఉన్న అంకె, అది మార్కెట్‌కు తెలియదు. కొనేవాడికి మీరు ఎన్ని నెలలు కాపలా కాశారో అక్కర్లేదు. అయిన వడ్డీ అయిపోయింది, ఆరిన నీళ్లు ఆరిపోయాయి. ఇవాళ మీరు చూడాల్సింది ఒకటే. ఇంకో నెల ఆగితే ధర కనీసం 103 అవుతుందా? అయితే ఆగినందుకు కూలి దక్కుతుంది. కాకపోతే నష్టం ఇంకొంచెం పెరుగుతుంది.

దీన్నే ఇంకోలా చూడండి. కొట్టం ఖాళీగా ఉందనుకోండి. మీ చేతిలో 116 క్వింటాళ్ల ఖరీదంత డబ్బు ఉంది. వడ్డీ పెరిగే అప్పూ ఉంది. ఆ డబ్బుతో అప్పు కడతారా, లేక 'ధర పెరుగుతుంది' అని మార్కెట్‌కు వెళ్లి 116 క్వింటాళ్ల మొక్కజొన్న కొనుక్కొచ్చి కొట్టంలో పేరుస్తారా? మీరు నవ్వుతారు, అంత పిచ్చివాణ్నా అంటారు. కానీ అమ్మకుండా ఉన్న ప్రతి ఉదయం మీరు చేస్తున్నది అదే. నిన్న సాయంత్రం దాకా ఉన్న గింజను ఇవాళ్టి ధరకు మళ్లీ కొంటున్నారు, అదీ అప్పు చేసి.

మీ ఒక్కరి తప్పేం కాదిది. 1979లో డానియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం కలిగించే బాధ మనిషికి ఎక్కువని రాశారు. తర్వాత వాళ్లు వేసిన అంచనాలో అది రెండింతలకు పైగానే తేలింది. 112 చూసిన కంటికి 101 నష్టంలా కనిపిస్తుంది. దాన్ని ఒప్పుకోవడం కంటే ఆగడం తేలిక.

మా ఇంట్లోనూ ఇది జరిగింది. నా చిన్నప్పుడు ఒక ఏడు మా నాన్న కూడా ఇలాగే మొక్కజొన్న ఆపారు. గోడ వారన బస్తాలు ఎత్తుగా పేర్చి ఉండేవి. రోజూ పై వరస బస్తా ఒకటి విప్పి, గుప్పెడు గింజలు నోట్లో వేసుకుని కొరికి, 'రాయిలా ఉంది' అనేవారు. ఏడో నెలలో వ్యాపారి వచ్చి, బస్తాలోకి గుచ్చి గింజ లాగే గొట్టం తీసి పై వరసలో గుచ్చాడు. బాగుందన్నాడు. తర్వాత వంగి అడుగు వరసలో గుచ్చాడు. గొట్టంలోంచి గింజతోపాటు పిండి రాలింది. మా నాన్న ఆ బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి తీశారు. లోపల వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన పిల్లాడి వీపులా. చేతికి బూడిదరంగు దుమ్ము, దాంట్లో నడుస్తున్న ముక్కు పురుగులు. ఆ ఏడు ధర నిజంగానే పెరిగింది. మా దగ్గర ఆ ధరకు అమ్మే సరుకు మూడో వంతు కూడా మిగల్లేదు.

ముక్కు పురుగు గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి బయటికి వచ్చేదాకా గింజ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒక్క ఆడపురుగు 300 దాకా గుడ్లు పెడుతుంది. వెచ్చటి రోజుల్లో గుడ్డు పురుగు కావడానికి నెల చాలు. అందుకే 'మొన్న చూశాను, బాగానే ఉంది' అనే మాటకు నిల్వలో విలువ లేదు. మొక్కజొన్న 13 శాతం తేమకు దిగితే ఎక్కువ కాలం ఆగుతుంది, సోయా అయితే 12కి లోపు ఉండాలి. తేమ ఒక్క శాతం తగ్గిస్తే నిల్వ ఉండే కాలం సుమారు రెట్టింపు అవుతుందని విత్తనాలు దాచేవాళ్లు ఒక మోటు లెక్క చెబుతారు. అయితే మీటర్‌తో ఒక బస్తాలో చూసిన 13 శాతం అన్ని బస్తాలదీ కాదు. నేలను, గోడను ఆనుకున్నవి ఎప్పుడూ వేరే కథ చెబుతాయి.

అసలు నిల్వే తప్పని నేను అనడం లేదు. కోత రోజున అందరూ ఒకేసారి అమ్ముతారు, బండ్లు బారులు తీరతాయి, ధర పడుతుంది. తర్వాత సరుకు తగ్గేకొద్దీ మెల్లగా పెరగడం మామూలే. అమెరికాలోని చికాగోలో 1848లో గింజల వ్యాపారులు బోర్డు ఆఫ్ ట్రేడ్ అనే మార్కెట్ పెట్టుకోవడానికి, ముందస్తు బేరాలు పెరిగి చివరికి ఫ్యూచర్స్‌గా, అంటే ఫలానా నెలలో ఇచ్చే సరుకుకు ఇవాళే ధర ఖాయం చేసుకునే ఒప్పందాలుగా మారడానికి మూలం ఈ చిక్కే. ఇవాళ అక్కడ మొక్కజొన్న ఒక్క కాంట్రాక్టు అంటే 5,000 బుషెళ్లు, సుమారు 127 టన్నులు. మీ మొత్తం పంట 24 టన్నులు. కాబట్టి ఆ ఆట మీకు కాదు. కానీ ఆ ధరలు చూడడానికి డబ్బేం కట్టక్కర్లేదు. దగ్గరి నెల ధర కంటే దూరపు నెలల ధర ఎక్కువగా ఉంటే, గింజ దాచినందుకు మార్కెట్ కూలి ఇస్తానంటోంది. ఆ తేడా మీ వడ్డీ కంటే ఎక్కువా తక్కువా అని చూసుకోండి. దగ్గరి నెల ధరే ఎక్కువగా ఉంటే, 'దాచొద్దు, ఇప్పుడే తెచ్చెయ్' అంటోంది. ధర ఎంత అన్నదాని కంటే ఈ తేడాయే మీకు ఎక్కువ పనికొస్తుంది. మీకు దగ్గర్లోని కొనుగోలుదారుణ్ని కూడా ఇలాగే అడగొచ్చు: 'ఇవాళ తెస్తే ఎంత? రెండు నెలల తర్వాత తెస్తానని ఇవాళే మాటిస్తే ఎంత?' రెండో అంకె చెప్పడానికి నీళ్లు నమిలాడంటే అదీ ఒక జవాబే.

ఇంకో సంగతి. సీజన్ అయిపోతే మార్కెట్ ఖాళీ అనే పాత నమ్మకం ఇప్పుడు అంతగా చెల్లదు. అమెరికాలో కోత సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అయితే, బ్రెజిల్‌లో సోయా తీసిన చేలోనే రెండో పంటగా వేసే మొక్కజొన్న జూన్ నుంచి ఆగస్టు దాకా వస్తుంది. వాళ్ల మొక్కజొన్నలో పెద్ద వాటా ఇప్పుడు ఆ రెండో పంటదే.

కాబట్టి నా సలహా: ఒకటిన్నర శాతం వడ్డీ అప్పు తీరేదాకా ఎన్ని క్వింటాళ్లు కావాలో అన్నీ ఈ వారమే అమ్మేయండి. మీ ఆవిడ చెప్పింది సరైన మాట. ఆవిడ ధర గురించి జోస్యం చెప్పలేదు, అప్పు గురించి చెప్పింది, తేడా అక్కడుంది. ఆ తర్వాత గింజ మిగిలి, పొడిగా, పురుగు లేకుండా ఉంటే ఆపుకోవచ్చు, మీ ఇష్టం. కానీ ఫలానా తేదీ దాటితే ఏ ధరైనా సరే అమ్మేస్తానని తేదీ రాసి కొట్టం తలుపు మీద అంటించండి. ధరకు హద్దు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తేదీకి హద్దు పెట్టుకునేవాళ్లు తక్కువ. ధర హద్దు మార్కెట్‌తోపాటు జరుగుతూ పోతుంది, తేదీ జరగదు. అమ్మిన మర్నాటి నుంచి రెండు వారాలు మొక్కజొన్న ధర అడగొద్దు. పెరిగినా అది ఇక మీది కాదు.

ఇప్పుడు సోయా.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, పక్క చేను ఆయన అమ్మిన ధర మీ అందరి నోళ్లలో నానుతోంది. మీ అబ్బాయికి తెలిసిన ఆ ధర ఊరందరి అబ్బాయిలకూ తెలుసు. అందరూ సోయా వేస్తే కోత రోజు ఏమవుతుంది? పోయినసారి ధర చూసి ఈసారి వేయడం, అందరూ వేశాక ధర పడడం, పడిందని మానేశాక పెరగడం, ఈ తిరుగుడును అర్థశాస్త్రంలో సాలెగూడు సిద్ధాంతం అంటారు. 1934లో నికొలస్ కాల్డర్ ఆ పేరు పెడితే, 1938లో మోర్డికై ఎజెకీల్ వివరంగా రాశాడు. గీత గీస్తే నిజంగానే సాలెగూడులా ఉంటుంది, మధ్యలో చిక్కేది మనం.

పడడం కూడా కొంచెంగా పడదు. 1699లో చార్లెస్ డావెనంట్ అనే ఇంగ్లీషాయన అచ్చువేసిన ఒక పట్టిక ఉంది. గ్రెగరీ కింగ్ లెక్కలని చెప్పుకుంటారు. పంట పదో వంతు తగ్గితే ధర పదిలో మూడు వంతులు పెరుగుతుంది, సగం తగ్గితే నాలుగున్నర రెట్ల మేర పెరుగుతుందని అందులో ఉంది. ఆ అంకెలు ఆనాటివి గానీ అసలు మాట ఇప్పటికీ అంతే. తిండిగింజలు అగ్గువ అయ్యాయని మనిషి రెండు పూటలు ఎక్కువ తినడు. కాబట్టి కొంచెం కొరతకే ధర ఎగురుతుంది, కొంచెం ఎక్కువైతే చతికిలబడుతుంది. 2012లో అమెరికాలో కరువు వచ్చి ఆగస్టులో మొక్కజొన్న బుషెల్, అంటే సుమారు 25 కిలోలు, 8 డాలర్లు దాటింది. ఆ ధర మీద ఆశతో వేసినవాళ్లు చాలామంది 2014 కోతకు 4 డాలర్ల లోపే అమ్ముకున్నారు.

సోయాకు ఇంకో బెడద. పంటతో సంబంధం లేకుండా ధర మారిపోతుంది. 2018 జూలైలో చైనా అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసింది. అమెరికా రైతు ధర పడింది, బ్రెజిల్ సోయాకు మాత్రం అదనపు రేటు దొరికింది. అదే గింజ, అదే నూనె, అదే నెల. వాళ్లలో తెలివైనవాడెవడు, తెలివితక్కువవాడెవడు? పక్క చేను ఆయన్ను చూసి మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు దీన్ని గుర్తు చేసుకోండి.

మరి సోయా వద్దా? వద్దని కాదు. ధర చూసి వద్దు, మీ చేను చూసి వేయండి.

ఇక్కడే మీ ఉత్తరంలో లేని ఖర్చు కావాలి. నేను ఖర్చును డబ్బులో కాక క్వింటాళ్లలో లెక్క పెడతాను. అలా పెడితే పంటలు పక్కపక్కన నిలబడతాయి. ఉదాహరణకు ఎకరాకు మొక్కజొన్న 20 క్వింటాళ్లు అవుతుందనుకోండి. విత్తనం, ఎరువు, మందు, కూలి, కోత, కౌలు, వడ్డీ అన్నిటికీ కలిపి 14 క్వింటాళ్లు అమ్మాలనుకోండి. మీకు మిగిలేది 6. సోయా ఎకరాకు 8 అవుతుంది, ఖర్చుకు 5 పోతే మిగిలేది 3. ఆరు క్వింటాళ్ల మొక్కజొన్న ఎక్కువా, మూడు క్వింటాళ్ల సోయా ఎక్కువా? సోయా ధర మొక్కజొన్నకు రెండింతలు దాటితే సోయానే ఎక్కువ. ఇదీ మొదటి లెక్క.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. రెండిటి ధరా 30 శాతం పడిందనుకోండి. అప్పుడు మొక్కజొన్న ఖర్చు తీరడానికి 14 కాదు, 20 క్వింటాళ్లు అమ్మాలి. చేనంతా ఊడ్చి ఇచ్చినా మీకు ఒక్క గింజ మిగలదు. సోయా ఖర్చు ఏడు చిల్లర అవుతుంది, ముప్పావు క్వింటాలుకు పైగానే మిగులుతుంది. అది పెద్ద లాభం కాదు గానీ కొత్త అప్పు పుట్టదు. ఈ అంకెలు నేను ఊహించి వేసినవి. మీవి వేసుకుని చూడండి, బొమ్మ తిరగబడవచ్చు కూడా.

ఈ తేడా ఎక్కువగా ఎరువు దగ్గర పుడుతుంది. టన్ను మొక్కజొన్న గింజ పండాలంటే పైరు సుమారు 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఆ నత్రజని మనం కొనాలి. యూరియాకు మూలమైన అమోనియా తయారీ ఖర్చులో ఎక్కువ భాగం సహజవాయువుదే. కాబట్టి సర్కారు ఎరువు ధరను పట్టి ఉంచని చోట, ఎక్కడో గ్యాస్ ధర ఎగిరితే మొక్కజొన్న ఖర్చూ ఎగురుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక గోధుమ ధర మార్చిలో రికార్డుకెక్కి, నాలుగైదు నెలల్లోనే మళ్లీ పాత స్థాయికి దిగింది. ఎరువు మాత్రం చాలామంది పెరిగిన ధరకే కొన్నారు. మనం కొనేది ఎక్కేటప్పుడు, అమ్మేది దిగేటప్పుడు. సోయా తన వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియాతో తన నత్రజనిలో చాలా భాగం తనే సమకూర్చుకుంటుంది. మీ చేలో ఇంతకుముందు సోయా వేసి ఉండకపోతే విత్తనానికి రైజోబియం, అంటే ఆ బాక్టీరియానే, పట్టించడం మర్చిపోవద్దు. అది లేకుండా వేసి 'సోయాకు ఎరువు అక్కర్లేదన్నారుగా' అంటే చేను పచ్చగా కాక పసుపుగా నవ్వుతుంది.

పైగా మొక్కజొన్న మీద మొక్కజొన్న వేయడం కంటే సోయా తర్వాత మొక్కజొన్న వేస్తే దిగుబడి మెరుగ్గా ఉంటుంది. అంటే సోయా లాభం సోయా ఏడాదిలోనే మొత్తం కనిపించదు, కొంత మరుసటి మొక్కజొన్నలో వస్తుంది. దీనికో చిన్న మెలిక ఉంది. కౌలు చేలో సోయా వేసి, వచ్చే ఏడు ఆ చేను ఇంకొకరికి పోతే ఆ మేలు వాళ్లకు పోతుంది. కాబట్టి సోయాను ముందు సొంత భూమిలో వేయండి.

సోయా గారాల పంట అని కూడా చెప్పాలి. కాయలు ఎండాక కోత నాలుగు రోజులు ఆలస్యమైతే పగిలి నేల మీద రాలిపోతాయి. అదే సమయానికి వాన పడితే గింజ రంగు పోయి, కాటా దగ్గర తరుగు మీద తరుగు తీస్తారు. విత్తనం త్వరగా మొలకశక్తి పోగొట్టుకుంటుంది, గరుగ్గా కుదిపినా దెబ్బతింటుంది. కొన్న సంచిలోంచి 100 గింజలు తీసి తడిగుడ్డలో మొలక చూడకుండా చేలో వేయొద్దు. పన్నెండెకరాలూ ఒకే వారంలో కోతకొస్తే మీకు మనుషులు, మెషీన్ దొరుకుతాయా? అబ్బాయిని అడగండి. ఆయన ధర గురించి ఆలోచించాడు గానీ ఆ వారం గురించి ఆలోచించి ఉండడు.

నేనైతే సొంత ఏడెకరాల్లో నాలుగు సోయా, మూడు మొక్కజొన్న వేస్తాను. ఆ నాలుగెకరాలు అబ్బాయికి అప్పజెప్పి, పుస్తకం కూడా ఆయన చేతికే ఇవ్వండి. విత్తనం నుంచి తరుగు దాకా ప్రతిదీ ఆయనే రాయాలి. మీరు వేలు పెట్టొద్దు. పంట అయ్యాక పక్క చేను ఆయన ధర కాక మీ ఇంటి లెక్క మాట్లాడుకోవచ్చు. కౌలు ఐదెకరాలకు మాత్రం విడిగా కాగితం పెట్టండి. సొంత భూమి లాభంలో కౌలు భూమి నష్టం కలిసిపోయి, కనిపించకుండా ఏళ్ల తరబడి నడిచే ఇళ్లు నేను చాలా చూశాను. పై లెక్కలో ధర 30 శాతం పడితే ఏ పంటకూ కౌలు తీరేలా లేకపోతే, యజమానితో ముందే కూర్చుని తగ్గించమనండి, లేదా కొంత పంట రూపంలో ఇస్తాననండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. పెద్ద రైతు అనిపించుకోవడానికి చేసే సేద్యం అన్నిటికంటే ఖరీదైనది.

అమ్మకం గురించి మాత్రం ఈసారి విత్తకముందే మాట్లాడుకోండి. ఖర్చులో చేతి నుంచి పెట్టింది, అప్పు తెచ్చింది ఎంతో చూసి, దానికి సరిపడా భాగం కోత రోజునే వెళ్లిపోతుందని రాసుకోండి. ఆ భాగం ధర గురించి ఇక చర్చ లేదు. కోతకు ముందే ఎవరైనా మీ ఖర్చుకు పైన గట్టి ధర ఇస్తానంటే కొంతకు ఒప్పుకోవచ్చు. అయితే చేను ఎంత చెడ్డ ఏడైనా ఇచ్చే దిగుబడికి మించి మాటివ్వొద్దు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పండని గింజ అమ్మితే, పండకపోయినప్పుడు పెరిగిన ధరకు కొని ఇవ్వాల్సి వస్తుంది. కాగితం మీద ధర ఒక్కటే చూడకండి. డబ్బు ఎన్ని రోజులకు ఇస్తాడు, తేమ ఎంత దాటితే ఎంత తరుగు తీస్తాడు, కాటా ఎవరిది, రవాణా ఎవరిది, ఈ నాలుగూ ధర కంటే చిన్న అక్షరాల్లో ఉంటాయి. నెలన్నర తర్వాత డబ్బిచ్చే 104 కంటే చేతిలో పెట్టే 102 ఎక్కువని మీ వడ్డీ లెక్కే చెబుతుంది.

ఇవన్నీ తర్వాత. రేపు పొద్దున లేవగానే పై వరస బస్తాలు దింపించి అడుగు వరస, గోడ వార బస్తాలు విప్పి చూడండి. మోచేతి దాకా చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉన్నా, ముక్కిపోయిన వాసన వచ్చినా ఆ బస్తాలు విడిగా పెట్టండి. మంచి గింజలో కలిపి తోసేద్దామని చూడొద్దు, గొట్టం అడుగునే గుచ్చుతారు, మొత్తం సరుకుకూ ఆ ధరే కడతారు. బూజు పట్టిన గింజ పశువులకూ కోళ్లకూ వేయొద్దు, అందులో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు. దాణాకే కదా అని వేసి గొడ్డును పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అమ్మకం అయ్యాక మళ్లీ రాయండి. అప్పుడు ఎకరా ఖర్చు కాగితం కూడా జత చేయండి. ఐదెకరాలకు కౌలు ఎంత కడుతున్నారో చీటీలో రాయలేదు, ఈసారి అది మొదటి వరసలోనే ఉండాలి.